కాలు జారిన సిపాయి

భూలక్ష్మి మొగుడితో మాట్లాడక వారం దాటింది. కంచం పెడుతోంది, నీళ్లు పెడుతోంది, వేళకు మాత్ర తీసి అరచేతిలో పెడుతోంది. మాట మాత్రం పెట్టడం లేదు.

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు అది. అలాంటి ఇంట్లో మాట్లాడకుండా ఉండటం మాట్లాడటం కంటే కష్టం. ఒకరు వంటింట్లోకి పోవాలంటే ఇంకొకరు కాళ్లు ముడుచుకోవాలి. బిక్షపతికి కాలు ముడుచుకోవడమే రాదాయె. తుంటి పట్టేసి, ఆమె చీరలకు ఫాల్స్ కుట్టే మిషనుకూ గోడకూ మధ్య మంచం మీద పడి ఉన్నాడు.

మలక్‌పేట దవాఖానలో తీసిన ఎక్స్‌రే కిటికీ ఊచలకు ఇరికించి ఉంది. ఇరికించింది భూలక్ష్మే. ఎవరినీ తియ్యనివ్వడం లేదు. ఎండ పడితే అందులో బిక్షపతి తుంటి ఎముకా, దాని చుట్టూ మెంతిగింజలంత తెల్లటి ముక్కలూ కనిపిస్తాయి. “ఇవి ఇనుప ముక్కలమ్మా. కింద పడితే ఒంట్లోకి వచ్చేవి కావు. బాంబు ముక్కల్లా ఉన్నాయి,” అని డాక్టరు చెప్పినప్పుడు ఆమె ఆయన్ని నమ్మలేదు. పక్కకు తిరిగి మొగుడి మొహం చూసి నమ్మింది.

పాతికేళ్లు దాటింది ఆ సంగతి జరిగి. కార్గిల్ యుద్ధంలో తన మొగుడు కొండ మీద కాలు జారి లోయలో పడ్డాడనీ, శత్రువు నీడ కూడా చూడకుండా తుంటి విరగ్గొట్టుకుని వచ్చాడనీ ఆమెకు తెలుసు, చుట్టాలందరికీ తెలుసు. చలికి రమ్ము ఎక్కువ పట్టించి పడ్డాడని చుట్టాలు సొంతంగా ఇంకో ముక్క కలుపుకున్నారు. పెండ్లిళ్లలో, పురుళ్లలో, బోనాల్లో బిక్షపతి కుంటుకుంటూ వస్తుంటే, “కాలు జారిన సిపాయి ఒస్తుండు, జర తోవియ్యుండ్రి” అనేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు బిక్షపతి కూడా నవ్వేవాడు. భూలక్ష్మి ఒక్కతే తల వంచుకుని వడ్డించేది.

అన్నేళ్లూ నిజం కడుపులో పెట్టుకుని ఆ నవ్వు నవ్వాడే, అందుకే ఇప్పుడామెకు కోపం.

మధ్యాహ్నం కూతురు అరుణశ్రీ వచ్చింది. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే పిల్ల, ఒక పూట సెలవు పెట్టి సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయి వచ్చింది. తండ్రి చెబుతుంటే దరఖాస్తు రాసింది కూడా ఆమే.

“ఏమన్నరు బిడ్డా?” అడిగాడు బిక్షపతి.

“దరఖాస్తు తీసుకుంటరంట. దెబ్బ తాకిన సిపాయిలకిచ్చే మెడల్ నీ రికార్డుల ఎక్కాలంటే, పాత కాయిదంల ఉన్నది తప్పని అప్పుడు నీ పక్కనున్నోళ్లు ఒకరు రాసియ్యాలె.” అరుణశ్రీ చెప్పులు విడవకుండానే గడప మీద కూర్చుంది. “ఇంకొకటి గూడ చెప్పిండ్రు. నువ్వు ఆఖర్ల రాయించిన ముక్క తీసెయ్యమన్నరు.”

“ఏ ముక్క?”

“‘కాలు జారినట్టు నా కోరిక మీదనే రాసిండ్రు’ అన్న ముక్క. తనంతల తనే తప్పు రాయించుకున్నడంటే దరఖాస్తు ఆడికాడికే ఆగుతదంట.”

“ఆ ముక్క నేను తియ్య,” అన్నాడు బిక్షపతి.

వంటింట్లో గంటె చప్పుడు ఆగిపోయింది. భూలక్ష్మి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వారం తర్వాత మొగుడితో ఆమె అన్న మొదటి మాట ఇది.

“నీ కోరిక మీదనా?”

బిక్షపతి దుప్పటి సర్దుకున్నాడు.

“ఇన్నేండ్లు నన్ను తాగుబోతు పెండ్లాం అన్నరు. నేను విన్న. అది సుత నీ కోరిక మీదనే విన్ననా?”

“అమ్మా, జర నిమ్మళంగ,” అంది అరుణశ్రీ.

“నువ్వుండు. రాసింది ఎవరు? అది చెప్పుమను ముందుగాల.”

బిక్షపతి మోచేతి మీద లేచి గోడకు ఒరిగాడు. “నీ తమ్ముడే. యోగేందర్.”

భూలక్ష్మి గుమ్మం వదిలి మంచం దగ్గరికి వచ్చింది. తన తమ్ముడు అప్పుడు బావ ఉన్న పటాలంలోనే కాంపౌండర్ పని చేసేవాడు. దెబ్బ తగిలినవాళ్లకు మొదటి కట్టు కట్టేదీ, ఏమైందో చీటీ రాసి చొక్కాకు తగిలించేదీ వాడే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ రోజు ఆ కట్టు కట్టింది వాడేనని మాత్రం ఇద్దరిలో ఒక్కడూ చెప్పలేదు.

“పక్కన గుండొచ్చి పడ్డది,” అన్నాడు బిక్షపతి. “నాకంత యాది లేదు. వాడు కట్టు కడుతుంటే చెయ్యి పట్టుకొని బతిమిలాడిన్నంట. లడాయిల దెబ్బ తాకిందని రాస్తే ఇంటికి టెలిగ్రాం పోతది. పడ్డడని రాస్తే పోదు. అప్పుడు నీకు నెలలు నిండినయ్. ఇగో, ఇది కడుపుల ఉండె.” కూతురి వైపు చెయ్యి చూపించాడు. “దాని కంటె ముందు ఏమైందో నీకు ఎర్కనే గదా.”

ఎరుకే. అది ఎట్లా మరుపుకొస్తుంది?

పోచంపల్లి దగ్గర ఆమె పుట్టింట్లో రెండు మగ్గాలు. నేతగాళ్ల ఇంట్లో చావు జరిగితే మగ్గం ఆపేస్తారు. మొదటి కాన్పుకు ఏడో నెలలో పుట్టింట్లో లోపలి గదిలో పడుకుని ఉంది భూలక్ష్మి. పగలంతా వినిపించే మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. “మగ్గమెందుకు ఆపిండ్రు?” అని లోపలి నుంచే అడిగింది. ఎవరూ పలకలేదు. ఎవరూ పలకకపోవడంతోనే తండ్రి పోయాడని ఆమెకు అర్థమైంది. తెల్లారేసరికి కడుపులో బిడ్డ కూడా పోయింది.

రెండోసారి ఆమె తల్లి ఇంట్లో అందరి చేతా ఒట్టు వేయించింది. పురుడు అయ్యేదాకా చెడ్డ మాట గడప దాటి లోపలికి రావద్దు, మగ్గం ఆగవద్దు. సెలవు అయిపోయి పటాలానికి బయల్దేరిన యోగేందర్ కూడా తల్లి చేతిలో చెయ్యేసి పోయాడు. ఆ నెలల్లోనే చిన్నమ్మ చచ్చిపోతే ఇంట్లో ఏడుపు వినపడలేదు, మగ్గం ఆడుతూనే ఉంది. చిన్నాన్న ఏడుస్తూ నేశాడని భూలక్ష్మికి పురిటి స్నానం అయ్యాక తెలిసింది.

“తర్వాతనన్న చెప్పొద్దా?” ఆమె గొంతు కొంచెం దిగింది.

“చెప్తే నీ తమ్ముని కొలువు పోతుండె. ఎవడన్న నన్ను చూసి నవ్వితే నువ్వు ఊకుంటవా? దులిపేస్తవు. తర్వాత తర్వాత అలవాటైంది.” బిక్షపతి కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. “నాకు మెడల్ కావాలె భూలచ్చీ. అబద్ధమెందుకు. చచ్చేలోపల రికార్డుల ఒక్క ముక్క సక్కగ ఉండాలె. కానీ వాని మీదికి రావొద్దు. నేను అడిగిన, వాడు రాసిండు. ఉన్నది ఉన్నట్టే పోనీ.”

భూలక్ష్మి వంటింట్లోకి పోయి, పొయ్యి ఆర్పేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇంత పిచ్చి మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసిందా తను? తన కోసం ఒకడు తుంటిలో ఇనుము పెట్టుకుని, ఊరందరి నవ్వూ మోసి, ఒక్కసారి కూడా ‘నీ కోసమే’ అని అనలేదు. కోపం పోలేదు. కానీ దాని పక్కన, పెండ్లయిన కొత్తలో తప్ప మళ్లీ ఎరగని మెత్తదనం ఏదో వచ్చి కూర్చుంది.

మొహం కడుక్కుని వచ్చి కిటికీలోంచి ఎక్స్‌రే తీసి మంచం కింద పెట్టింది.

“అన్నం తిను,” అంది మొగుడితో. “నేను ఎల్బీనగర్ పోయి తమ్మునితోని రాయించుకొస్త.” అరుణశ్రీ కూడా వెంట బయల్దేరింది.

*

ఎల్బీనగర్‌లో యోగేందర్‌ది సొంత ఫ్లాటు. రిటైరయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సూపర్‌వైజరు, కాలనీ మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడు. హాల్లో అద్దాల బీరువాలో పతకాలు వరసగా ఉంటాయి. జెండా పండగ రోజు కోటుకు అవి పెట్టుకుని ఇంటింటికీ మిఠాయి పంచుతాడు.

“రండి వదిన గారూ, ఫోను చేస్తే మెట్రో దగ్గరికి వచ్చేవారు కదా ఆయన,” అంది అతని భార్య సౌందర్య. ఆమెది విజయవాడ వైపు. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా మాట మారలేదు. “టీ పెడతాను, కూర్చోండి.”

“టీ ఒద్దు. తమ్మీ, ఇది చదువు.”

అయినా సౌందర్య పొయ్యి మీద టీ గిన్నె పెట్టి వచ్చింది. యోగేందర్ దరఖాస్తు సగం చదివి కళ్లద్దాలు తీశాడు. “తలుపు దగ్గరికెయ్యి,” అన్నాడు భార్యతో.

“మీ బావ నాకు అంత చెప్పిండు,” అంది భూలక్ష్మి. “దెబ్బ తాకింది నిజం, పడ్డడని రాసింది తప్పు అని నువ్వు నాలుగు ముక్కలు రాసియ్యి. సాలు.”

“నేను రాయలేనక్కా.”

“ఎందుకు?”

“తప్పు రాసిన అని నా చేత్తోని నేనే రాసిస్తే ఊకుంటరా? నా పెన్షన్ మీదికొస్తది. ఆసుపత్రిల తెలిస్తే తెల్లారి నుంచి రావద్దంటరు. సంఘంల నలుగురి ముందల ఎట్ల నిలబడాలె?”

“వదిన గారూ, మీ ప్రాణం కోసమే కదండీ ఆయన అట్లా రాసింది,” అంది సౌందర్య. “ఇన్నాళ్ల తర్వాత ఇప్పుడు తవ్వుకోవడం ఎవరికి మంచిది చెప్పండి.”

“నీ మీదికి రాకుండ మీ బావ తన మీదికి తీసుకున్నడు గదా. ఆఖరి ముక్క సుత చదువు.”

యోగేందర్ మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. చేతిలో కాగితం మెల్లగా ఒళ్లోకి దిగింది.

“బావ ఇంక గట్లనే అనుకుంటుండా?” అన్నాడు.

“అనుకునుడేంది?”

యోగేందర్ కాగితం మడిచి పక్కన పెట్టాడు. టీ గిన్నె పొంగిన వాసన వచ్చినా సౌందర్య లేవలేదు.

“నిన్నే అడుగుతున్న. అనుకునుడేంది?”

“బావకు సోయి లేకుండె అక్కా.” యోగేందర్ బీరువా వైపు చూస్తూ చెప్పాడు. “నా కాడికి తెచ్చినప్పుడే లేదు. రకతమంత పోయింది. కింది దవాఖానకు తోలేదాక కన్ను తెరవలే. నన్ను ఏం అడగలే. అమ్మకు పెట్టిన ఒట్టు యాదికొచ్చింది. నువ్వు యాదికొచ్చినవ్. నా అంతల నేనే రాసిన.”

“మరి అడిగిన్నంటడేంది?”

“నెల తర్వాత శ్రీనగర్‌ల కలిసిన. ఆడ డాక్టర్లు విరిగిన బొక్క చూసుకున్నరు, ముక్కలు దొరికినన్ని తీసిండ్రు. కాయిదం ఎవరు చూస్తరు ఆ గడబిడల. బావ మాత్రం అడిగిండు. ‘నేను పడలే గదా, గట్లెందుకు రాసిండ్రు’ అని. పై ఆఫీసర్‌కు చెప్పి దిద్దిస్త అన్నడు. నాకు భయమైంది. ‘నువ్వే నా చెయ్యి పట్టుకొని అడిగినవ్ బావా, యాది లేదా’ అన్న. నమ్మిండు. ఏడ్చిండు. మంచి పని చేసినవ్ రా యోగీ అన్నడు.”

గంట కింద వంటింట్లో భూలక్ష్మి దేని కోసం ఏడ్చిందో అది ఇదన్నమాట. ఆ మాట మొగుడు అననే లేదు. తన తమ్ముడు భయపడి కల్పించి ఆయన నోట్లో పెట్టాడు.

“అరుణకు చీర కట్టిచ్చిన దినం యాదుందా?” అంది మెల్లగా. “పంక్తిల కూసున్న మా మరిది, ‘మా అన్న పాకిస్తానోని మీద కాదు, రమ్ము సీస మీద కాలేసిండు’ అన్నడు. అందరు నవ్విండ్రు. నువ్వు సుత నవ్వినవ్.”

“అక్కా...”

“నేను నీ పక్కనే నిలబడి పప్పు వడ్డిస్తున్న. నువ్వు నవ్వినవ్ యోగీ. పండ్లన్ని కనపడంగ నవ్వినవ్.”

“నవ్వకపోతే నాకేదో తెలుసని తెలుస్తదనుకున్న,” అన్నాడు యోగేందర్. తల ఎత్తలేదు.

“మామా, ఇదే మాట రాసియ్యి,” అంది అప్పటిదాకా మూలన నిలబడ్డ అరుణశ్రీ. “నాయినకు సోయి లేదని ఒక్క లైను. అప్పుడు ఆ ఆఖరి ముక్క తియ్యొచ్చు. మెడల్ ఒస్తది.”

“నేను రాయ బిడ్డా. కావాల్నంటే బావ అడిగిండనే రాసి సంతకం పెడుత.”

“గట్ల రాస్తే రాదు అంటున్న గదా.”

“రాకపోతే ఏమైతది? ఇన్నేండ్లు లేకుంటనే బతికిండు గదా.”

భూలక్ష్మి లేచింది. “నాకు మంచి చేసిన అనుకుంటున్నవు గదా తమ్మీ,” అంది. “మగ్గం ఆగకుండ నా చెవులు నింపిండ్రు మీరందరు. అప్పుడు సరే. నా బిడ్డ బతికింది. తర్వాత ఎందుకు ఆపలే? నన్ను ఒక్కసారి అడిగిండ్రా ఎవరన్న, ఇగ ఆపొచ్చా అని?”

సౌందర్య గుమ్మం దాకా వచ్చి, “ఈ సంగతి అన్నయ్య గారికి చెప్పకండి వదిన గారూ, మీకు దండం పెడతాను,” అంది. భూలక్ష్మి చెప్పులు తొడుక్కుంది.

*

మెట్రో స్టేషన్ మెట్ల కింద జనం. మొక్కజొన్న కంకుల బండి పక్కన అరుణశ్రీ ఆగి తల్లి చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, మామ చెప్పిందంత నా ఫోన్ల రికార్డైంది.”

భూలక్ష్మి అర్థం కానట్టు చూసింది.

“నేనే పెట్టిన. మామ రాయడని నాకు ముందే అనిపించింది. ఇగ ఆయన సంతకం అక్కర లేదు. ఇది వినిపిస్తే సాలు.”

“వాడు నా తమ్ముడు.”

“నాయిన నీకు ఏమైతడు మరి?”

బండివాడు కంకి కాలుస్తూ వీళ్లనే చూస్తున్నాడు. భూలక్ష్మి కూతుర్ని పక్కకు లాగింది. “ఇంట్ల అప్పుడే ఎత్తకు. నేను చెప్పేదాక ఎత్తకు.”

“ఎందుకు? నీకు చెప్పకుంట దాచిండ్రని ఇప్పటిదాక మామను కడిగిపెట్టినవ్. ఇప్పుడు నువ్వు నాయినకు దాస్తవా?”

ఆ మాటకు కూతుర్ని కొట్టాలనిపించింది. కొట్టడానికి ఆ మాటలో తప్పేం లేదు. ఇద్దరూ రైలెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగారు.

ఇంటికి వచ్చేసరికి బిక్షపతి గడ్డం గీసుకుని, ఉతికిన బనీను వేసుకుని, మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. మధ్యాహ్నం పెళ్లాం మాట్లాడింది కదా, ఆ సంబరం మొహంలో దాచుకోవడం కూడా చేతకాలేదు మనిషికి. వాళ్ల చేతుల వైపు చూశాడు, మొహాల వైపు చూశాడు.

“సంతకం పెట్టలే గదా,” అన్నాడు. “నాకు తెలుసు. వానికి భయం ఉంటది. పోనీయ్.”

“నాయినా,” అంది అరుణశ్రీ. ఫోను చేతిలోనే ఉంది. భూలక్ష్మి ఆమె మణికట్టు పట్టుకుంది.

“పోనీయ్ అంటున్న గదా బిడ్డా. మెడల్ వస్తే మంచిగనే ఉంటుండె. రాకపోతే ఏం?” బిక్షపతి మంచం మీద పక్కన చోటు చేసి పెళ్లాన్ని కూర్చోమన్నాడు. ఆమె కూర్చుంది. “వాళ్లందరు నవ్వుతుంటే నీకెంత మండేదో నాకు తెల్వదా? నాకు సుత మండేది. కానీ లోపల్లోపల ఒకటనుకునేటోన్ని. నవ్వుకోండ్రి కొడకల్లారా, మీకేం తెలుసు, నా నోటితోని నేనే ఒద్దన్న, నా పెండ్లాం కోసం ఒద్దన్న అని. ఆ ఒక్కదాంతోనే ఎల్లదీసిన భూలచ్చీ.”

అరుణశ్రీ చెయ్యి తల్లి పట్టులోంచి వదిలించుకోవాలని చూడటం మానేసింది. ఫోను మీద ఆమె బొటనవేలు అట్లాగే ఉంది.

“ఇన్నేండ్లు నీకు చెప్పలే కాబట్టి వాన్ని సుత మళ్ల అడగలే,” అన్నాడు బిక్షపతి. “నాకైతే ఏం యాది లేదు. ఎంత గుంజుకున్నా ఒక్క మాట యాదికి రాదు. నీకు చెప్పిండా వాడు? నేను ఎట్ల బతిమిలాడిన్నో చెప్పిండా?”

భూలక్ష్మి కూతురి మొహం చూసింది. మొగుడి మొహం చూసింది.

“చెప్పిండు,” అంది.

“ఏమన్ననంట?” అని బిక్షపతి నొప్పి కాలు చేత్తో పట్టుకుని ఆమె వైపు జరిగాడు.